కెమెరా కంటికి లోకమంతా చామనఛాయే



ఈ పూట మీతో కెమెరా గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. కొత్తది కొనమని చెప్పడానికి కాదండీ. మీ ఇంట్లో ఉన్నదాని గురించే. మా ఇంట్లో కెమెరా ఎక్కడిది అంటారేమో. ఒకసారి గుర్తు చేసుకోండి. అమెరికా నుంచి అబ్బాయి వస్తూ తెచ్చిందో, దుబాయ్ నుంచి బావగారు పంపిందో, అమ్మాయి పెళ్లికని మీరే ముచ్చటపడి కొన్నదో, బీరువాలో పట్టుచీరల వెనక చిన్న నల్లసంచీలో పడి ఉంటుంది. చేతికి సెల్‌ఫోన్ వచ్చాక దాని మొహం ఎవరూ చూసి ఉండరు.

దాన్ని బయటికి తీయండి. ముందు బ్యాటరీ చూడండి. ఏళ్ల తరబడి వాడని బ్యాటరీ ఒక్కోసారి ఉబ్బిపోతుంది. ఉబ్బితే దాన్ని ఛార్జింగ్‌కి పెట్టొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. అదే రకం కొత్త బ్యాటరీ కొనుక్కోండి. ఉబ్బకపోతే ఛార్జింగ్ పెట్టి చూడండి, చాలావరకు లేచి కూర్చుంటుంది. మెమరీ కార్డు పోయిందనుకోండి, దుకాణంలో అడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. 2006కి ముందు తయారైన కెమెరాలు 2 జీబీకి మించిన కార్డును మామూలుగా గుర్తుపట్టవు. ఈ రోజుల్లో దుకాణంలో దొరికేవన్నీ పెద్ద కార్డులే. అందుకని కెమెరాను వెంట తీసుకెళ్లి, కార్డు అక్కడే వేసి చూసుకుని మరీ డబ్బులివ్వండి.

ఆ తర్వాత తేదీ, టైము సరిచేయండి. చాలామంది ఈ పని చేయరు. బ్యాటరీ చచ్చిపోయినప్పుడు కెమెరా లోపలి గడియారం కూడా ఆగిపోతుంది. మళ్లీ లేచాక తనకు తోచిన ఏదో పాత సంవత్సరం వేసుకుంటుంది. పదేళ్ల తర్వాత మనవడి అన్నప్రాశన ఫోటో వెతికితే, వాడు పుట్టకముందు తేదీల్లో దొరుకుతుంది.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. ఫోన్ ఉండగా ఈ పాత కెమెరా ఎందుకు?

ఫోన్ ఏం చేస్తుందో చెబుతాను వినండి. మీరు ఒక్కసారి నొక్కితే అది గబగబా కొన్ని ఫోటోలు తీసి, వాటిని కలిపి, చీకట్లను కాస్త లేపి, మొహాలను కాస్త నునుపు చేసి మీ చేతిలో పెడుతుంది. సగం నిర్ణయాలు తనే తీసుకుంటుంది. కెమెరా ఆ పని అంతగా చేయదు. వెలుగు ఎంత పడిందో కొలిచి, ఆ లెక్క ప్రకారం ఫోటో తీసి ఊరుకుంటుంది. ఎదురుగా ఉన్నది పెళ్లికూతురో, పాలదాకో దానికి తెలియదు. ఇది కెమెరాకున్న లోపమనుకోకండి. మనం చెబితే వింటుంది, ఆ వినడమే దాని గొప్ప. పైగా ముందుకీ వెనక్కీ నిజంగా కదిలే లెన్సు ఉంటుంది, గట్టి ఫ్లాష్ ఉంటుంది, చేతికి పట్టు దొరుకుతుంది. మనకు కావలసిందల్లా దానికి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియడమే.

మొట్టమొదటి డిజిటల్ కెమెరా సంగతి ఒక్క ముక్క చెప్పి ముందుకెళతాను. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ దాన్ని తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. అదీ నలుపు తెలుపు ఫోటో. మెగాపిక్సెల్ లెక్కలో చెప్పాలంటే ఒక మెగాపిక్సెల్‌లో నూరోవంతు. మీ బీరువాలో ఉన్నది దానికి మునిమనవడు. కాబట్టి దాన్ని పాతదని చిన్నచూపు చూడకండి.

ఇక వెలుగు. కెమెరా పైకెత్తకముందే చూడవలసింది వెలుగు. ఎటునుంచి వస్తోంది, ఎలా పడుతోంది?

ఒక చిన్న పని చేయండి. ఇప్పుడే, ఈ మాటలు వింటూనే చేయొచ్చు. మీ అరచేతిని మొహానికి ఎదురుగా పెట్టుకోండి. ఉన్నచోటే మెల్లగా ఒక చుట్టు తిరగండి. చేతినే చూస్తూ తిరగండి. కిటికీ వైపు తిరిగినప్పుడు గీతలన్నీ వెలుగుతో నిండి కనిపిస్తాయి. కిటికీకి వీపు పెడితే చేయి మసకబారుతుంది. కిటికీ పక్కకు వచ్చినప్పుడు ఒక వైపు వెలుగు, ఒక వైపు మెత్తటి నీడ. చెయ్యి అదే, మీరూ ఉన్నచోటే ఉన్నారు. మారింది వెలుగు పడే దిక్కు. మనిషి మొహమూ అంతే.

ఇప్పుడు అమ్మమ్మ ఫోటో తీయాలనుకోండి. మనం ఏం చేస్తాం? ఆవిడను హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి, ట్యూబ్‌లైటు వేసి, ఫ్లాష్ కొడతాం. కళ్లద్దాలు మెరుస్తాయి, నుదురు మెరుస్తుంది, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. ఆవిడేమో ‘నా ఫోటో ఎప్పుడూ బాగుండదే’ అంటుంది. అలా కాకుండా ఆవిడను వీధి గుమ్మం దగ్గరికి రమ్మనండి. గుమ్మానికి లోపల, ఎండ నేరుగా పడనిచోట, కుర్చీ వేయండి. మొహం బయటికి కాస్త ఓరగా తిప్పమనండి. ట్యూబ్‌లైటు ఆపేయండి. ఫ్లాష్ ఆపేయండి. వసారా మీద నుంచి వచ్చే మెత్తటి పగటి వెలుగు ఒక చెంప మీద పడుతుంది. మొహంలో ముడతలు ముడతల్లాగే, అందంగా కనిపిస్తాయి. ఎవరిదాకానో ఎందుకు, నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ కాలానికి స్టూడియోల్లో పగటి వెలుగే ఆధారం. ఆ కాలపు ఫోటోల్లో మొహాలను గమనించండి. వెలుగు ఒక పక్కనుంచి వచ్చి మొహాన్ని ఎలా మలిచిందో తెలుస్తుంది.

మనవైపు మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం మొహాలకు పగ. నడినెత్తిన సూర్యుడు ఉంటే కళ్లు గుంటల్లోకి పోతాయి, ముక్కు కింద నల్లటి నీడ పడుతుంది. పిల్లలు కళ్లు చికిలించుకుని నిలబడతారు. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయగలిగితే తీయండి. కుదరదా? శుభకార్యం మధ్యాహ్నమేనా? అయితే చెట్టు నీడకో, పందిరి అంచుకో, అరుగు మీదికో జరగండి. నీడలోకి వస్తే చాలు. అన్నట్టు, ఆకుల మధ్య నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలే చెట్టు వద్దు. ఆ చుక్కలు మొహం మీద బొల్లిమచ్చల్లా పడతాయి. చిక్కటి నీడ ఉన్న చెట్టు చూసుకోండి.

మళ్లీ చెబుతాను. ముందు వెలుగు చూడండి, తర్వాత కెమెరా ఎత్తండి.

ఇప్పుడు ఈ పూట నేను చెప్పాలనుకున్న అసలు మాట. కాస్త నిదానంగా చెబుతాను.

కెమెరాకు ఒక నమ్మకం ఉంది. లోకమంతా చామనఛాయగా ఉంటుందని దాని నమ్మకం. మరీ తెలుపు కాదు, మరీ నలుపు కాదు, నడిమి రంగు. దాని ముందు మీరు ఏది పెట్టినా, అది నడిమి రంగే అయి ఉంటుందనుకుని వెలుగు లెక్క కడుతుంది. మామూలు దృశ్యాల్లో, అంటే కొంచెం ఆకాశం, కొంచెం చెట్లు, ఇద్దరు మనుషులు ఉన్నచోట, ఈ లెక్క సరిపోతుంది. చిక్కంతా రంగు ఒక వైపుకు మొగ్గినప్పుడే.

సంక్రాంతి పొద్దున వాకిట్లో ముగ్గుంది. వాకిలంతా నిండిన తెల్లటి పిండిముగ్గు. ఫోటో తీస్తే బూడిదరంగులో పడుతుంది. ఎందుకు? ఇంత తెల్లగా ఉండడమేమిటి, వెలుగు మరీ ఎక్కువై ఉంటుందని కెమెరా అనుకుంది. తగ్గించేసింది. పత్తిచేను విచ్చుకున్నప్పుడు తీయండి, నెల్లూరు వైపు ఉప్పు మడుల దగ్గర తీయండి, తెల్ల పంచె కట్టుకున్న తాతయ్యను సున్నం గోడ ముందు నిలబెట్టి తీయండి. అన్నీ మాసిపోయినట్టు పడతాయి.

దీన్ని తిరగేసి చూడండి. చెరువులో గేదె ఉంది. నల్లటి గేదె, నిగనిగలాడుతూ ఫ్రేమంతా నిండి ఉంది. ఫోటోలో బూడిదరంగు గేదె వస్తుంది. ఇంత చీకటిగా ఉందేమిటని కెమెరా వెలుగు పెంచేసింది. ములుగు జిల్లాలో రామప్ప గుడికి వెళ్లినవాళ్లకు ఇది బాగా అనుభవం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. చూరు కింద మదనికల శిల్పాలుంటాయి, నున్నటి నల్లరాయి. వాటిని జూమ్ చేసి దగ్గరగా తీస్తే ఆ నలుపులోని నిగారింపు పోయి, దుమ్ము పట్టినట్టు వస్తాయి. రాయి తప్పేమీ లేదు. కెమెరా దాన్ని చామనఛాయ చేసేసింది, అంతే.

మరి మనం ఏం చేయాలి? మీ కెమెరా మీద ఒక గుర్తు ఉంటుంది. ఒక చిన్న చదరం, అందులో ప్లస్, మైనస్. కొన్నిటికి అది బటన్ మీద ఉంటుంది, కొన్నిటికి తెర మీది మెనూలో ఉంటుంది. పూర్తి ఆటోలో ఉంటే ఆ బటన్ పనిచేయకపోవచ్చు, అప్పుడు పైన తిరిగే చక్రాన్ని ‘పి’ అనే అక్షరం దగ్గర పెట్టండి. ఆ ప్లస్, మైనస్‌ల ద్వారానే మీరు కెమెరాతో మాట్లాడతారు. ముగ్గు తీసేటప్పుడు ప్లస్ ఒకటి పెట్టండి. ‘ఇది నిజంగానే తెలుపమ్మా, తగ్గించకు’ అని చెప్పినట్టు. గేదెను తీసేటప్పుడు మైనస్ ఒకటి పెట్టండి. ‘ఇది నిజంగానే నలుపు, పెంచకు’ అని.

తెలుపు నిండితే ప్లస్. నలుపు నిండితే మైనస్. ఇంకోసారి. తెలుపు నిండితే ప్లస్, నలుపు నిండితే మైనస్.

నిండితే అన్న మాట గమనించండి. ఫ్రేములో ఏది ఎక్కువ చోటు తీసుకుందో కెమెరా దాన్నే చూసి మోసపోతుంది. మనుషుల మొహాల దగ్గరికి వస్తే ఇది మరీ ముఖ్యం. మన ఇళ్లలో ఒక మాట వింటుంటాం కదా, ‘నేను ఫోటోలో నల్లగా పడతాను, నన్ను తీయకండి’ అని. ఆడపిల్లలు అంటారు, పెద్దవాళ్లూ అంటారు. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది, కొంచెం కోపమూ వస్తుంది. ఆ అమ్మాయిని ఎక్కడ నిలబెట్టి తీశారో చూడండి. తెల్లటి గోడ ముందో, వెలిగిపోతున్న ఆకాశం ముందో, కిటికీకి వీపు పెట్టో. ఫ్రేములో ముప్పాతిక భాగం తెలుపు. దాన్ని చూసి కెమెరా మొత్తం వెలుగు తగ్గించేసింది. పాపం, ఆ తగ్గింపులో మొహం కూడా చీకట్లోకి వెళ్లిపోయింది. ఆ ఫోటో తీసినవాడు ప్లస్ ఒకటి పెట్టి ఉంటే, లేదా గోడ ముందు నుంచి రెండడుగులు పక్కకు, పచ్చటి చెట్ల ముందుకు రమ్మని ఉంటే, ఆ పిల్ల తన రంగులో తాను కళకళలాడుతూ ఉండేది. తెల్లగా చేయమని నేను చెప్పడం లేదండీ. ఉన్న రంగు ఉన్నట్టు రావాలి. ఫోన్లలో చర్మాన్ని తెల్లబరిచే బొమ్మలాట ఉంటుంది చూశారూ, నేను దానికి బద్ధ విరోధిని. చక్కటి నల్లటి మొహం మీద ఓరగా పడిన పొద్దుటెండ ఎంత అందంగా ఉంటుందో తీసి చూస్తేగానీ తెలియదు.

ఇంకో పరిస్థితి. కల్యాణమండపం. వెనకంతా చీకటి, వేదిక మీద పెళ్లికొడుకు తెల్లటి పట్టుపంచెలో ఉన్నాడు. ఫ్రేములో ఎక్కువ ఉన్నది చీకటి. కెమెరా వెలుగు పెంచేస్తుంది. పంచె తెల్లటి అట్టముక్కలా అయిపోతుంది, జరీ అంచు కనిపించదు, మడతలు కనిపించవు. ఇక్కడ మైనస్ పెట్టాలి. ఎందుకంటే, డిజిటల్ ఫోటోలో చీకటిగా పడినదాన్ని తర్వాత కంప్యూటర్లో కొంతవరకు పైకి లేపుకోవచ్చు. మరీ తెల్లబారిపోయింది మాత్రం పొంగిపోయిన పాలే, మళ్లీ గిన్నెలోకి ఎత్తలేం. చాలా కెమెరాల్లో ఫోటో తీసి చూసుకున్నప్పుడు, అలా పోయినచోట్లు తెర మీద మిణుకు మిణుకుమని హెచ్చరించే ఏర్పాటు ఉంటుంది. మెనూలో వెతికి దాన్ని ఆన్ చేసుకోండి. మిణుకుతున్నది పంచె అయితే మైనస్ పెట్టి మళ్లీ తీయండి. మిణుకుతున్నది బల్బు అయితే వదిలేయండి, బల్బులో చూడవలసిందేముంది!

రాత్రి దృశ్యాలకూ ఇదే లెక్క. కెమెరాకు రాత్రి అంటే నచ్చదు, దాన్ని పగలు చేయాలని చూస్తుంది. దీపావళి రోజు అరుగు మీద ప్రమిదలు వెలిగించి, పాప వాటి పక్కన కూర్చుంది. ఆటోలో పెడితే ఫ్లాష్ టప్పున వెలుగుతుంది. దీపాల వెలుగంతా చచ్చిపోయి, పాప మొహం పాలిపోయి, వెనక కరెంటు మీటరుతో సహా అన్నీ కనిపిస్తాయి. ఫ్లాష్ ఆపండి. పాపను దీపాలకు దగ్గరగా జరపండి, పావడా జాగ్రత్త. మైనస్ ఒకటి పెట్టండి. చీకటి చీకటిగానే ఉంటుంది, మొహం మీద పసుపుపచ్చటి వెలుగు ఉంటుంది. 1957లో వచ్చిన మాయాబజార్‌లో వెన్నెలను మనం ఇప్పటికీ చెప్పుకుంటాం కదా. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఎక్కడ వెలుగు ఉండాలన్నదానితో పాటు, ఎక్కడ ఉండకూడదో కూడా తేల్చుకున్నాడు కాబట్టే అది వెన్నెలలా ఉంది.

ఫ్లాష్ మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ తేల్చేద్దాం. కెమెరాలో ఉండే చిన్న ఫ్లాష్ వెలుగు మూడు నాలుగు మీటర్ల దాకానే పోతుంది. స్టేడియంలో గ్యాలరీలో కూర్చుని, తెప్పోత్సవంలో గట్టు మీద నిలబడి ఫ్లాష్ కొడితే, వెలుగు పడేది ముందు వరసలో ఉన్నవాళ్ల వీపుల మీద. అక్కడ ఆపేయండి. దాని అసలు ఉపయోగం పట్టపగలు! మనిషి వెనక సూర్యుడున్నప్పుడు, నెత్తిన టోపీయో తలపాగాయో ఉండి కళ్ల మీద నీడ పడ్డప్పుడు, దగ్గరగా నిలబడి ఫ్లాష్ వేయండి. ఆ నీడ కాస్తా తేలికవుతుంది. పగలు ఫ్లాష్ వేస్తే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇప్పుడు బటన్ నొక్కే పద్ధతి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పాత కెమెరాల మీద ఉన్న సగం ఫిర్యాదులు దీనివల్ల వచ్చినవే. ‘నొక్కిన ఎప్పటికో పడుతుందండీ, అప్పటికి అంతా అయిపోతుంది’ అంటారు. నిజమే. ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం కెమెరా ఫోకస్ వెతుక్కోవడానికి పట్టేది. ఆ పని ముందే చేయించేయొచ్చు. బటన్‌కు రెండు మెట్లున్నాయి. సగం నొక్కితే ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. పచ్చ చదరం వెలుగుతుంది, బీప్ మంటుంది. ఫోకస్ అయిపోయింది. వేలు అలాగే ఉంచండి, తీయకండి. పూర్తిగా నొక్కిన క్షణాన ఫోటో పడుతుంది, ఆలస్యం ఉండదు.

తలంబ్రాల వేళ అనుకోండి. ఇద్దరి మధ్యా తెర తీశారు, దోసిళ్లు నిండాయి. అప్పుడే సగం నొక్కి ఉంచండి. పెళ్లికూతురు కళ్ల మీద ఫోకస్. చేతులు పైకి లేస్తున్నాయి, ఆగండి, ఇంకా ఆగండి. గింజలు రాలడం మొదలైంది, ఇప్పుడు నొక్కండి. గింజలు గాల్లో ఉన్న ఫోటో మీదవుతుంది. పూర్తిగా ఒక్కసారే నొక్కేవాళ్లకు నేలమీద పడ్డ బియ్యం దొరుకుతాయి.

సగం నొక్కడంలో ఇంకో లాభం ఉంది. ఫ్రేము మధ్యలో మనిషి లేకపోతే కెమెరా వెనక గోడకు ఫోకస్ చేసేస్తుంది. ఇద్దరు మనుషులు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలోంచి కనిపించే క్యాలెండరు. క్యాలెండరు స్పష్టంగా, మనుషులు మసకగా. అందుకని ముందు ఒక మనిషి మొహాన్ని మధ్యకు తెచ్చి, సగం నొక్కి, అలాగే పట్టుకుని, కెమెరాను కావలసిన చోటికి జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కండి. సగం నొక్కండి, ఆగండి, పూర్తిగా నొక్కండి. వేలికి అలవాటయ్యేదాకా ఇంట్లోనే కుర్చీల మీద, కుండీల మీద సాధన చేయండి.

ఫోటో కదిలిపోయింది అంటాం. అందులో రెండు రకాలున్నాయి, మందు వేరువేరు. అంతా కదిలిపోతే, గోడ, కుర్చీ, మనిషి అన్నీ అలికినట్టుంటే, కదిలింది మీ చేయి. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి, స్తంభానికి ఆనుకోండి, ఊపిరి వదిలి నొక్కండి. బల్ల మీద పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే ఇంకా మేలు. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే అలికినట్టుంటే, కదిలింది మనిషి. అప్పుడు ఎంత గట్టిగా పట్టుకున్నా లాభం లేదు. షట్టర్ వేగం పెరగాలి. కోలాటం ఆడేవాళ్లను, కబడ్డీ కూతను, గంతులేసే మనవడిని పట్టుకోవాలంటే సెకనులో 500వ వంతు కావాలి. చక్రం మీద ‘ఎస్’ అనో ‘టీవీ’ అనో ఉంటే అందులో 500 పెట్టండి. లేకపోతే ఆటలాడే మనిషి బొమ్మ ఉంటుంది, దాని దగ్గర పెట్టండి. వెలుగు తక్కువైతే ఐఎస్ఓ అనే అంకె పెంచాలి. పెంచితే ఫోటో ఇసుక చల్లినట్టు కాస్త గరుకుగా వస్తుంది. రానివ్వండి. గరుకు ఫోటోలో మనవడు కనిపిస్తాడు, కదిలిన ఫోటోలో కనిపించడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఈ మధ్య ఫంక్షన్ హాళ్ల నిండా ఎల్ఈడీ లైట్లే. వాటిలో కొన్ని మన కంటికి తెలియకుండా రెపరెపలాడుతుంటాయి. మన దేశపు కరెంటు లెక్క ప్రకారం సెకనుకు 100 సార్లు. అక్కడ మరీ ఎక్కువ వేగం పెడితే ఫోటోలో అడ్డంగా చారలు పడొచ్చు, రంగులు ఒక్కో ఫోటోకి ఒక్కోలా రావొచ్చు. చారలు కనిపిస్తే వేగాన్ని 100కు గానీ, 50కి గానీ దించండి. 50కి దించితే మాత్రం నాట్యం ఆగి, భంగిమ నిలిచిన క్షణం కోసం చూడాలి. కూచిపూడి చూసేవాళ్లకు ఆ క్షణం ఎప్పుడొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

జూమ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లెన్సు కదిలే దాకా వాడుకోండి. ఆ తర్వాత కూడా బొమ్మ పెద్దదవుతోందంటే అది ఉత్త సాగదీత. మెనూలోకి వెళ్లి డిజిటల్ జూమ్‌ను శాశ్వతంగా ఆపేయండి. అయితే మొహాలు తీసేటప్పుడు మీద పడిపోకండి. మరీ దగ్గరికి వెళ్లి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేసి, కాస్త జూమ్ చేసి తీయండి. మనిషి మనిషిలా ఉంటాడు.

మెగాపిక్సెళ్ల మాట కూడా అంతే. మామూలు నాలుగు ఆరంగుళాల ప్రింటు శుభ్రంగా రావడానికి 2 మెగాపిక్సెళ్లు చాలు. ఎనిమిది పన్నెండంగుళాల పెద్ద ప్రింటుకి కూడా 9 లోపే. దుకాణంలో అంతకన్నా పెద్ద అంకె చెప్పి ఊరిస్తే, గోడంత ఫోటో పెట్టే గోడ మీకుందా అని ఆలోచించుకోండి.

సముద్రపుటొడ్డున ఉండే శ్రోతలకు ప్రత్యేకంగా ఒక మాట. విశాఖ, కాకినాడ, బందరు, ఆ వైపు గాలిలో తేమ ఎక్కువ. చీకట్లో, తోలుసంచీలో, బీరువా అడుగున పెట్టిన కెమెరా లెన్సులో బూజు పడుతుంది. సాలెగూడులా సన్నటి పోగులు అద్దం మీద కనిపిస్తాయి. ఒకసారి లోపల పట్టిందంటే తుడిస్తే పోదు. అందుకని గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయే, ఆ సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. రంగు మారే రకం దొరికితే మరీ మంచిది, తేమ పీల్చి నిండిపోయినప్పుడు తెలుస్తుంది. అప్పుడప్పుడు తీసి గాలి తగలనివ్వండి. వాడుతున్న కెమెరాకు బూజు భయం తక్కువ. ఏసీ గదిలోంచో, ఏసీ కారులోంచో ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. కంగారుపడి తుడవకండి. సంచీలోనే కాసేపు ఉంచి తీయండి. లెన్సును పైట చెంగుతోనో చొక్కా అంచుతోనో రుద్దొద్దు. ముందు చిన్న రబ్బరు బుడ్డీతో దుమ్ము ఊదేసి, తర్వాత కళ్లద్దాల మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడవండి.

తీసిన ఫోటోల సంగతి. కార్డులో ఉన్న ఫోటో ఇంకా మీది కాదు. అది పోయే వస్తువు. కంప్యూటర్లో ఒక కాపీ, విడిగా ఇంకో డ్రైవ్‌లో మరో కాపీ. రెండూ ఒకే బీరువాలో ఉంచకండి. ఒకటి కొడుకు ఇంట్లోనో, చెల్లెలి ఇంట్లోనో ఉంటే ఇంకా క్షేమం. రెండు చోట్లా చేరాకే కార్డు ఖాళీ చేయండి, అదీ కెమెరాలోనే, ఫార్మాట్ అన్న చోట నొక్కి. పొరపాటున ఫోటోలు చెరిపేశారా? వెంటనే ఆగిపోండి. ఆ కార్డుతో ఇంకొక్క ఫోటో కూడా తీయొద్దు. చెరిపిన ఫోటోలు చాలావరకు కార్డులోనే దాగి ఉంటాయి, వాటి మీద కొత్తవి పడేదాకా. కార్డు బయటికి తీసి, తెలిసినవాళ్ల చేత వెలికి తీయించుకోవచ్చు.

చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోతుంది. చూసుకోవడానికి ఫరవాలేదు, ప్రింటుకు పనికిరాదు. ప్రింటు వేయించుకునేవాళ్లకు డాక్యుమెంటు రూపంలో పంపండి. ఏడాదికి ఓ పాతికో ముప్పయ్యో ఏరి ప్రింట్లు వేయించండి. వెనక ఎవరెవరో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. పాత ఆల్బమ్ తెరిచి, ఈ పక్కన నిలబడ్డాయన ఎవరు అని అడిగితే, చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇప్పుడు ఇంట్లో ఉన్నారా లేదా చూసుకుని మరీ రాయండి.

ఇక రేపు పొద్దున చేయవలసిన పని ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. దండెం మీద ఒక తెల్ల తువ్వాలు ఆరేయండి. పక్కనే ఒక నల్ల గొడుగు తగిలించండి. తువ్వాలును ఫ్రేము నిండా వచ్చేలా మూడు ఫోటోలు తీయండి, ఒకటి మామూలుగా, ఒకటి ప్లస్ ఒకటితో, ఒకటి మైనస్ ఒకటితో. గొడుగును కూడా అలాగే మూడు. ఆరు ఫోటోలూ ఇంట్లోవాళ్లకు చూపించి, ఏ తువ్వాలు మన తువ్వాలులా ఉందో, ఏ గొడుగు మన గొడుగులా ఉందో వాళ్లనే ఏరమనండి. మీరేమీ చెప్పకండి. అయ్యాక ప్లస్ మైనస్‌ను మళ్లీ సున్నా దగ్గర పెట్టడం మాత్రం మరిచిపోవద్దు.